రెండో డిస్కు రియాజ్

"మీ ఇంట్లో సబ్బుందా?"

ఆదివారం మధ్యాహ్నం, పట్టపగలు, తెనాలిలో ఓ ఇరుకు వీధి మధ్యలో నిలబడి అడిగింది నగ్మా. చేతిలో ఒక సీడీ. కళ్ళల్లో రెండు నిప్పులు.

"ఉంది. అప్పు కావాలా?" అన్నాడు రియాజ్.

"దాంతో చేతులు కడుక్కో! పకోడీలు తిన్న వేళ్ళతో డిస్కు పట్టుకుంటావా? పోయిన వారం క్లైమాక్స్‌లో హీరో 'ఐ ల... ఐ ల... ఐ ల...' అంటూ ఆగిపోయాడు. పడవ తోస్తున్నాడేమో, 'ఐలేసా' అనేదాకా చూద్దామని మా అమ్మీ అట్టాగే కూర్చుంది!"

"మరి మీ డిస్కో? హీరోయిన్ ముఖం మీద ఇంత పొడుగు గీత. మొదటి పాట నుంచి ఇంటర్వెల్ దాకా సగం ముఖంతోనే నవ్వింది. అది హీరోయినా, అష్టమి నాటి చంద్రుడా?"

"గీతలు వెంకటప్పయ్యగారి షాపులో పడ్డాయి."

"నీ నోట్లోంచి పడ్డాయేమో. అంత పదునుంది మరి."

"ఇలా ఇవ్వు నీ డిస్కు!"

"ముందు నువ్వివ్వు!"

ఇద్దరూ ఒకేసారి ఇచ్చుకున్నారు. ఒకేసారి వెనక్కి తిరిగారు. ఒకేసారి తలుపులు ధడేల్‌మని వేసుకున్నారు. ఆ చప్పుడు విని రెండిళ్ళకీ మధ్యనున్న వాళ్ళంతా "ఇంటర్వెల్ అయింది" అనుకుని టీ పెట్టుకున్నారు.

ఇది రెండువేల నాలుగు నాటి సంగతి. అప్పట్లో సినిమా ఇంటికి రావాలంటే రెండు డిస్కులెక్కి వచ్చేది. మొదటి దాంట్లో ఇంటర్వెల్ దాకా, రెండో దాంట్లో శుభం దాకా. మార్కెట్ దగ్గర సీడీ లైబ్రరీ నడిపే వెంకటప్పయ్య దగ్గర ఏ కొత్త సినిమాకైనా ఒక్క కాపీయే ఉండేది. అద్దెలు మాత్రం రెండొచ్చేవి. ఎలాగంటారా? మొదటి డిస్కు ఒకింటికి, రెండోది అదే వీధిలో ఇంకో ఇంటికి. సగంలో మీలో మీరు మార్చుకోండి, పొండి. అర్థం కోసం అర్ధాన్ని అద్దెకిచ్చిన మహానుభావుడాయన!

"ఎప్పుడూ నాకు రెండో డిస్కేనా?" అని రియాజ్ ఆయన కౌంటర్ మీద గుద్దని వారం లేదు.

"ఏం చెయ్యనబ్బాయ్? నేను పడుకునే పరుపు ఇమాముద్దీన్ కుట్టాడు. దాంతో నా నడుం నొప్పి పోయింది. ఆయన కూతురు నగ్మాకి రెండో డిస్కిస్తే మళ్ళీ పట్టుకుంటుందేమోనని భయం."

"మీ అబ్బాయి పెళ్ళికి షామియానా వేసింది నేను కాదండీ?"

"వేశావు. గాలొచ్చింది. పెళ్ళి తెనాల్లో, షామియానా దుగ్గిరాల్లో. పసుపు బస్తాల మీద వాలిందని యార్డు వాళ్ళు ఫోన్ చేస్తే వెళ్ళి తెచ్చుకున్నావు. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. అందుకే ఇంకా మండింది.

రియాజ్‌ది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, బిర్యానీ డేగిసాలు, సీరియల్ లైట్లు, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే రెండు ఎర్ర మఖమల్ సింహాసనాలు, వీటన్నిటినీ మోసే ఓ ఓపెన్ వ్యాను. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకీ నీడ వేసేవాడే గానీ, వాడి పెళ్ళి మాత్రం ఎండలోనే నిలబడి ఉంది.

ఏడాదిగా సినిమాలన్నీ వెనక నుంచి చూడ్డంతో పాపం వాడికి లోకమే తిరగబడింది. ముందు ఏడుపు, తరవాత నవ్వు. ముందు క్షమాపణ, తరవాత తప్పు. ముందు "నువ్వు లేకపోతే నేను లేను", ఆ తరవాత "హలో, మీ పేరేంటండీ?" ఇలా చూసినవాడికి సిడిముడి రాదా? సీడీ ముడి పడిందంటే సిడిముడి వచ్చినట్టే.

ఆ మంట నగ్మా మీద తీర్చుకునేవాడు. డిస్కు ఆమె చేతిలో పెడుతూ, "చివర్లో ఆ పిల్ల రైలెక్కదు. దిగిపోద్ది," అనేవాడు.

"చెప్పొద్దన్నానా!"

"చెప్పేశాగా."

నగ్మా ఊరుకునే రకమా? ఆమెకి ముక్కుపుడక లేదు. కోపం కాపురమున్న చోట పుడకని ఎక్కడ పెట్టుకుంటుంది? ఆమె ఇంకో రకంగా కసి తీర్చుకునేది. 'గొడుగు కింద గొడవ' సినిమాకి ఓ ఆదివారం రియాజ్ ఉండబట్టలేక అడిగాడు, "ఒక ముసలాయన హీరో వెంటబడి క్షమించు క్షమించు అని ఏడుస్తాడు. ఎవరాయన?"

"హీరోకి చిన్నప్పుడు బలవంతాన గుండు గీయించింది ఆయనే. అదీ పగ," అంది నగ్మా, కనురెప్ప కూడా కదపకుండా.

రియాజ్ మొదటి సగమంతా గుండు కోసం ఎదురుచూశాడు. గుండు రాలేదు. తీరా చూస్తే ఆయన హీరోయిన్ తండ్రి! మర్నాడు ఆమె గుమ్మం ముందుకెళ్ళి అరిచాడు. ఆమె లోపల్నుంచి నవ్వింది. వాడికి వాడి గుండే గుండు అయినట్టనిపించింది.

కామెడీ ప్రేమకథల్లో నగ్మా మాటకి వీధిలో తిరుగులేదు. బీయస్సీ కంప్యూటర్స్ పాసయి ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చున్న పిల్ల. ఏ సినిమా తెచ్చుకోవాలో ఆడవాళ్ళంతా ఆమెనే అడిగేవారు. ఆమె చెప్పడం కూడా తిట్టినట్టే ఉండేది.

"పాటలు బాగున్నాయని సినిమా చూడమంటారేంటండీ? పాటలు కావాలంటే రేడియో పెట్టుకోండి! తగువు ఎలా ఉందో చెప్పండి. ఇద్దరికీ సమానంగా మాటలుండాలి. ఒకరు తిట్టి ఒకరు ఏడిస్తే అది ప్రేమకథ కాదు, అత్తగారి కథ. 'అలిగినమ్మాయి అడ్రస్' తెచ్చుకోండి, తగువంటే అది! హీరో స్టేషన్‌లో పరిగెత్తే సినిమాలు మాత్రం నా దగ్గరకి తేవద్దు."

"స్టేషన్‌లో పరిగెత్తితే ఏమైంది?" అన్నాడు ఆ దారిన పోతున్న రియాజ్. "నాకు నచ్చేదే అది."

"నీకు నచ్చుద్దిలే. నలభైమంది చూస్తుండగా అరిచి అడిగితే ఆ పిల్ల కాదని ఎట్టా అంటుంది? అది ప్రేమా, పంచాయితీయా, రియాజ్ భాయ్?"

"భాయ్ అనకు!"

"వీధిలో అందర్నీ అంటా."

"అందర్నీ అను. నన్ననకు."

ఎందుకు అనకూడదో వాడు చెప్పలేదు. ఎందుకని ఆమె అడగలేదు. ఇద్దరికీ కోపమొచ్చి ఎవరి దారిన వాళ్ళు పోయారు.

ఓ ఆదివారం నగ్మాకి జ్వరమొచ్చి, డిస్కు మార్చుకోడానికి ఇమాముద్దీన్ వచ్చాడు. పత్తి ఏకి ఏకి రాటుదేలిన చేతులు, పత్తి లాంటి గడ్డం. మాటల్లో మాత్రం ఎక్కడా మెత్తదనం లేదు. "ఇదిగో" అని ఇచ్చి, "అదిటివ్వు" అని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు సినిమా దరిద్రంగా ఉందని రియాజ్ వెంకటప్పయ్యతో పోట్లాడాడు. నిజానికి వాడు దాన్ని చూడనే లేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం అసలు గొడవ జరిగింది.

రియాజ్ రేపల్లెలో ఓ పెళ్ళికి సామాను తీసుకెళ్ళాలి. పెళ్ళి వాళ్ళ దగ్గరి బంధువులదే కావడంతో వాళ్ళమ్మ అబీదా కూడా వ్యాన్‌లో కూర్చుంది. బండి స్టార్ట్ చేస్తుంటే ఇమాముద్దీన్ గుమ్మం కనిపించింది. అక్కడో కారు. కారు దగ్గర ఓ పెద్దాయన, కళ్ళద్దాల కుర్రాడు. ఇమాముద్దీన్ ఆ పెద్దాయన్ని కౌగలించుకుని చేతిలో మిఠాయి పొట్లం పెట్టాడు. కళ్ళద్దాల కుర్రాడు నవ్వాడు. తలుపు దగ్గర తెర పక్కన నగ్మా కళ్ళు తుడుచుకుంటోంది. కారు వెళ్ళిపోయింది.

"ఎవరమ్మీ వాళ్ళు?"

"బాపట్ల వాళ్ళంట. ఇమాముద్దీన్ భాయ్‌కి పాత దోస్తులు. నాకంతకంటే తెలీదు. పోనీ, ఆలస్యమవుద్ది."

రేపల్లె వెళ్ళేదాకా రియాజ్ హారన్ కొడుతూనే ఉన్నాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా. భట్టిప్రోలు దగ్గర గేదెలు కూడా పక్కకి తప్పుకున్నాయి. మిఠాయి, కౌగిలింత, నవ్వు, కన్నీళ్ళు... ఇట్టాంటివి ఎన్ని రెండో డిస్కులు చూశాడు వాడు! అర్థం కాకపోవడానికేముంది? పెళ్ళి కుదిరిపోయింది.

పెళ్ళయి సామానంతా ఎక్కించుకుని తెల్లారాక తిరిగొస్తుంటే అబీదా మామూలుగా అంది, "నిన్న నగ్మా వాళ్ళమ్మ పర్వీన్ కనపడి చెప్పిందిరా. ఇవాళ పొద్దుటి బండికి ఇమాముద్దీన్ భాయ్ నగ్మాని తీసుకుని బాపట్ల వెళ్తున్నాడంట."

వ్యాన్ తెనాలి స్టేషన్ వైపు తిరిగింది.

"ఇల్లు అటురా!"

"నాకు తెలుసమ్మీ!"

బాపట్ల ప్యాసింజర్ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. నగ్మా మంచి దుస్తులేసుకుని, చేతిలో ఫైలు పట్టుకుని, పెట్టె మెట్టు మీద ఒక కాలు పెట్టింది.

"నగ్మా! ఎక్కొద్దు!"

పరుగు చూడాలి వాడిది! అరటిపళ్ళ బుట్ట దాటాడు, నిద్రపోతున్న కుక్కని దాటాడు, మర్యాద కూడా దాటేశాడు. వెళ్ళి ఆమె ముందు నిలబడి, ఏడాదిగా బట్టీపట్టినదంతా వదిలాడు.

"నువ్వు వెళ్ళిపోతే ఈ వీధి వీధి కాదు! ఆదివారం ఆదివారం కాదు! ఆ కళ్ళద్దాలవాడికి నీ తగువు విలువ ఏం తెలుసు? నీ కన్నీళ్ళు నేను చూశాను! నిన్ను నేను ప్రేమిస్తున్నాను! అందరి ముందూ చెబుతున్నా!"

అందరూ విన్నారు. "ఎక్కమ్మా, నీకేం భయం" అని కొందరు, "దిగమ్మా, కుర్రాడు బాగున్నాడు" అని కొందరు. టీ అమ్మేవాడు టీ అమ్మడం మానేశాడు. నగ్మా కాలు మెట్టు మీద నుంచి కిందికి దిగింది. ఇమాముద్దీన్ గొడుగు పైకి లేచింది. ఈ గోలలో రైలు కూత వేసి, ఎవరి సలహా అడక్కుండా, తన దారిన తాను బాపట్ల పోయింది.

రైలు పోయాక నగ్మా రియాజ్ వైపు తిరిగింది.

"ఏ కళ్ళద్దాలవాడు?" అంది నగ్మా. ఆ గొంతు విని కుక్క లేచి అవతలికి పోయింది.

"నిన్న... కారు... మిఠాయి..."

"ఆయన అబ్బా స్నేహితుడి కొడుకు. పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు. బాపట్లలో ఓ ప్రైవేట్ కాలేజీలో పాఠాలు చెప్తాడు. అక్కడ కంప్యూటర్ ల్యాబ్‌లో ఉద్యోగముందని నెల కిందటే చెప్పాడు, నిన్న అబ్బాని ఒప్పించడానికొచ్చారు వాళ్ళు. ఆడపిల్ల రోజూ రైలెక్కి వెళ్ళడమేంటన్న అబ్బాతో నెలంతా పోట్లాడాను. అన్నం మానేశాను. నిన్న ఒప్పుకున్నారు. అందుకు ఏడ్చాను, సంతోషం పట్టలేక! ఇవాళ ఇంటర్వ్యూ. ఇదంతా మొదటి డిస్కు. నువ్వు చూసింది ఎప్పట్లాగే రెండోది!"

రియాజ్ నోరు తెరిచాడు. అందులోంచి 'ఐ ల' కూడా రాలేదు.

ఇమాముద్దీన్ గొడుగు దించాడు. దెబ్బ పడినా బాగుండేది. "చాలు," అన్నాడు. "మొదటి రోజు స్టేషన్‌కి వస్తేనే ఇంత తమాషా. రోజూ వస్తే రోజుకో తమాషా. ఉద్యోగం లేదు, గిద్యోగం లేదు. పద ఇంటికి."

నగ్మా మారు మాట్లాడలేదు. అరవలేదు. కనీసం రియాజ్ వైపు కోపంగానైనా చూడలేదు. ఫైలు గుండెకి ఆనించుకుని తండ్రి వెనక నడిచింది. ఏడాదిలో మొదటిసారి ఆ ముక్కు మీద ఏమీ లేదు. అది చూశాడు రియాజ్.

పరిగెత్తి వాళ్ళకి అడ్డం నిలబడ్డాడు. ఈసారి మెల్లగా మాట్లాడాడు.

"చాచా, తప్పు నాది. ఆమెకి ఏ పాపం తెలీదు. నేనంటే ఆమెకి ఒళ్ళు మంట. కావాలంటే వీధిలో ఎవర్నైనా అడగండి."

"తప్పుకో."

"బయట నా వ్యాన్ ఉంది. పొన్నూరు మీదుగా పోతే ఇంటర్వ్యూ టైముకి బాపట్లలో ఉంటాం. దారి పొడుగునా నన్ను తిట్టండి. దారి అయిపోయినా తిట్లు మిగిలితే తిరిగొచ్చేటప్పుడు తిట్టండి. నేను చేసిన దానికి ఆమె ఉద్యోగం పోకూడదు చాచా."

"నీ బండి నా కూతురు ఎక్కుద్దా? సిగ్గుందా నీకు?"

"నేనున్నాగా భాయ్‌సాబ్," అంటూ అబీదా వచ్చింది ఆయాసపడుతూ. "నా పక్కన కూర్చుంటుంది. వీణ్ణి ఇంటికెళ్ళాక నేను చూసుకుంటా. ముందు పిల్ల పని చూడండి."

నగ్మా తల పైకెత్తింది. ముక్కు మీదికి మళ్ళీ రంగొచ్చింది.

"అబ్బా, నేను ఇతని కోసం ఎక్కట్లేదు. ఇతనున్నా సరే, ఎక్కుతున్నాను." అని గబగబా వెళ్ళి వ్యాన్ ముందు సీట్లో కూర్చుంది.

ముందు సీట్లో ముగ్గురికే చోటు. డ్రైవర్ రియాజ్, మధ్యలో అబీదా, ఆ చివర నగ్మా. మరి ఇమాముద్దీన్? వెనక డేగిసాలు, కర్రలు, షామియానా గుడ్డలు, వాటి మధ్య ఖాళీగా ఉన్నవి రెండే రెండు. ఎర్ర మఖమల్ సింహాసనాలు.

"నేను దాంట్లో కూర్చోను!"

"అయితే డేగిసాలో కూర్చోవాలి భాయ్‌సాబ్," అంది అబీదా.

తెనాలి నుంచి పొన్నూరు దాకా ఆ రోజు రోడ్డు మీద జనం ఒక వింత చూశారు. సీరియల్ లైట్లు వేలాడుతున్న వ్యాన్ మీద, సింహం తలల చేతులున్న ఎర్ర కుర్చీలో, తెల్ల గడ్డంతో ఒక పెద్దమనిషి, చేతిలో గొడుగు రాజదండంలా పట్టుకుని, కళ్ళల్లోంచి నిప్పులు కురిపిస్తూ వెళ్తున్నాడు. స్కూలు పిల్లలు చేతులూపారు. ఓ బస్సు డ్రైవర్ మర్యాదగా దారిచ్చాడు.

ముందు సీట్లో ఇంకో యుద్ధం. సరిహద్దు అబీదా.

"ఖాలా, ఆయన్ని గుంతలు చూసి నడపమనండి. వెనక మా అబ్బా ఉన్నారు."

"అమ్మీ, గుంతల్లో రోడ్డు ఎక్కడుందో ఆమెనే చూపించమను."

"ఖాలా, స్టేషన్‌లో అరిచే సినిమాలు నాకు పడవని ఆయనకి వెయ్యిసార్లు చెప్పానో లేదో అడగండి."

రియాజ్ ఓ గుంత తప్పించాడు. ఇంకోటి తప్పించాడు. వాన సన్నగా మొదలైంది. వెనక గొడుగు తెరుచుకున్న చప్పుడయింది.

"చెప్పింది అమ్మీ," అన్నాడు. "వినలేదు. నలభైమంది ముందు నిలబెట్టాను. కాదనడానికి చోటు కూడా ఇవ్వలేదు. నాకేమీ జవాబు వద్దు. ఇంకెప్పుడూ అడగను కూడా. ఒక్క సంగతి మాత్రం చెప్పు ఆమెతో."

"ఏంటది?"

"ఏడాదిగా నేను వెంకటప్పయ్యకి అద్దె కట్టింది సినిమాకి కాదు. ఇంటర్వెల్‌కి."

అబీదా అటు చూసింది, ఇటు చూసింది. "ఇది మాత్రం నువ్వే చెప్పుకో నాయనా. నాకు సిగ్గేస్తోంది," అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

నగ్మా కిటికీ వైపు తిరిగింది. అద్దం మీద వాన చుక్కలు జారుతున్నాయి. ఆమె ముఖం కనపడలేదు గానీ చెవి కనపడింది. చెవి ఎర్రగా ఉంది. కోపమని రియాజ్ భయపడ్డాడు. కోపమే. కాకపోతే, ఈ ముక్క వీధిలోనే ఓ ఆదివారం నెమ్మదిగా చెప్పుంటే ఏం పోయిందని ఆ కోపం.

పొన్నూరు దాటాక రైలు గేటు పడింది. బండి ఆగింది. జామకాయలమ్మే ఆవిడ గంప పట్టుకుని వ్యాన్ దగ్గరకొచ్చి, పైకి చూసి, బుగ్గ మీద వేలేసుకుంది.

"ఏంటి బాబాయ్, ఈ వయసులో పెళ్ళికొడుకువా?"

అప్పటిదాకా దిగమింగుకున్న కోపమంతా ఒక్కసారి ఇమాముద్దీన్ నోట్లోంచి బద్దలైంది.

"పెళ్ళికొడుకు కాదు! పెళ్ళికూతురి తండ్రిని!"

గేటు దగ్గర ఆగిన బండ్లన్నీ విన్నాయి. ముందు సీటు కూడా విన్నది. రియాజ్ చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుపోయాయి. అబీదా కొంగు తీసింది. నగ్మా ఇటు తిరిగింది. రైలెళ్ళిపోయింది, గేటు లేచింది, వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. బండి మాత్రం కదల్లేదు.

పైనుంచి గొడుగు కర్రతో ధన్‌మని టాపు మీద మోత. "ఏంట్రా చూస్తున్నావ్? పోనీ!"

బాపట్లలో కాలేజీ గేటు దగ్గర ఆ కళ్ళద్దాల కుర్రాడు నిలబడి ఉన్నాడు. నగ్మా పేరు వరసలో ఆఖరికి వేయించి ఉంచాడు. ఆమె లోపలికి పరిగెత్తింది. అబీదా వెనకే వెళ్ళింది. చెట్టు కింద వ్యాన్ దగ్గర మిగిలింది ఇద్దరు మగవాళ్ళు, రెండు మఖమల్ సింహాసనాలు.

ఇమాముద్దీన్ కిందికి దిగి, నడుం పట్టుకుని, సింహాసనాన్ని తేరిపార చూశాడు. మఖమల్ నొక్కాడు. కుట్టు దగ్గర వేలు దూర్చి కాస్త పత్తి బయటికి లాగాడు.

"ఇది పత్తేనా?"

"అవును చాచా..."

"పత్తి కాదు, గింజలు! ఎవడు నింపాడ్రా దీన్ని? రాళ్ళ మీద కూర్చోబెట్టి బాపట్ల తెచ్చావు! పెళ్ళి పేరు చెప్పి ఎంతమంది పిల్లల్ని కూర్చోబెట్టావు దీని మీద? నీకు మనసనేది ఉందా?"

స్టేషన్ గురించి ఒక్క మాట అనలేదు. గంట సేపు పరుపు గురించే తిట్టాడు. రియాజ్ అన్ని తిట్లకీ "అవును చాచా" అన్నాడు. తిట్లలో తేడా వాడికి కొంచెం కొంచెం అర్థమవుతోంది.

నగ్మా బయటికొచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"పెళ్ళయితే ఉద్యోగం మానేస్తావా అని అడిగారబ్బా! మీకు పెళ్ళయిందా సార్, మరి మీరు మానేశారా అన్నాను."

"అమ్మా! అంటే పోయిందా?" అన్నాడు ఇమాముద్దీన్.

"సోమవారం నుంచి రమ్మన్నారు," అంది అదే కోపంతో.

తిరిగొచ్చేటప్పుడు జామకాయలావిడ అక్కడే ఉంది. అబీదా బండి ఆపించి, ఓ గంపెడు జామకాయలు కొని, "భాయ్‌సాబ్, పొద్దున మీరన్న మాటకి ఈవిడే సాక్షి," అంది.

"కోపంలో అన్నా."

"మన రెండిళ్ళలో కోపంలో కాకుండా ఎవరన్నా ఎప్పుడన్నా మాట్లాడారా?"

ఇమాముద్దీన్ జామకాయ కసుక్కున కొరికాడు.

ఆ వారమే అబీదా పద్ధతిగా వెళ్ళి అడిగింది. ఇమాముద్దీన్ కూతుర్ని అడిగాడు. "ఇప్పుడు చెప్పను," అంది నగ్మా. "జీతం రానీండి. రైలు అలవాటు కానీండి. అతను ఆగగలడో లేడో చూద్దాం."

రియాజ్ ఆగాడు. పళ్ళు నూరుకుంటూనే ఆగాడు. ఆమె ఎక్కే బండి వేళకి స్టేషన్ ఛాయలకి కూడా పోలేదు. ఆదివారం మాత్రం వీధి మధ్యలో డిస్కులు మారుతూనే ఉన్నాయి, తగువులూ జరుగుతూనే ఉన్నాయి. తేడా ఒక్కటే. వాడు చివర ఏమవుతుందో చెప్పడం మానేశాడు. ఆమె మొదట్లో ఏమైందో నిజం చెప్పడం మొదలుపెట్టింది. దాంతో ఇంటర్వెల్ సినిమా కంటే పొడుగైంది. మధ్యిళ్ళవాళ్ళు టీతో పాటు టిఫిన్ కూడా కానిచ్చుకునేవారు.

చలికాలం వచ్చాక ఒక పొద్దున ఇమాముద్దీన్ టెంట్ హౌస్ ముందు నిలబడి అరిచాడు.

"ఆ సింహాసనాల పరుపులు తెచ్చి నా కొట్లో పడెయ్!"

"ఎందుకు చాచా?"

"ఎందుకేంట్రా? ఆ గింజల మీద నా కూతుర్ని కూర్చోబెడతావా?"

రియాజ్‌కి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక రెండు సింహాసనాల్నీ నెత్తిన పెట్టుకుని వీధంతా పరిగెత్తాడు. పరుపులు మాత్రం అడిగితే కుర్చీలు కూడా తెచ్చాడని ఇమాముద్దీన్ మళ్ళీ తిట్టాడు.

ఆ ఆదివారం మొదటిసారి రెండు డిస్కులూ ఒకే ఇంటికి వచ్చాయి. "ఒక అద్దె పోయింది," అని వెంకటప్పయ్య ఏడ్చినంత పని చేశాడు. కొత్త సినిమా, 'ఎదురింట్లో ఎండ'. ఇమాముద్దీన్ ఇంట్లో అందరూ చేరారు. పర్వీన్ పళ్ళేల నిండా పకోడీలు పెట్టింది. రియాజ్ చాన్నాళ్ళకి మొదటిసారి, పేర్లు పడ్డ దగ్గర్నుంచి, ఒక సినిమా చూశాడు. ఆ ఇద్దరూ ఎక్కడ కలిశారో, ఎందుకు పోట్లాడారో, ఎవరు ముందు తలుపేసుకున్నారో అన్నీ తెలిశాయి. ఇంటర్వెల్ పడింది. హీరోయిన్ కోపంగా వానలోకి వెళ్ళిపోయింది.

"రెండో డిస్కు పెట్టండి!" అని లేచాడు.

రెండో డిస్కు నగ్మా చేతిలో ఉంది. ఆమె దాన్ని వెనక దాచుకుంది.

"ఇవాళ కాదు. నిఖా అయ్యాక."

"అంటే? అప్పటిదాకా నేను చివరేంటో తెలీకుండా ఉండాలా?"

"ఏడాది పాటు సగం సినిమాకి లేచొచ్చి వీధిలో నిలబడ్డాను నేను. నువ్వెప్పుడు చెప్తావా అని. చచ్చిపోయానా?"

"నేనెప్పుడూ చివర చెప్పేవాణ్ణిగా!"

"సినిమాల చివర కాదు, మొద్దూ!"

ఇమాముద్దీన్ గట్టిగా దగ్గి పకోడీల వైపు తిరిగాడు. రియాజ్ ఒక అడుగు దగ్గరికొచ్చాడు. తరవాత గొంతు తగ్గించి, "ఒక్క మాట చెప్పు. ఆ పిల్ల చివరికి ఒప్పుకుంటుందా?" అన్నాడు.

"నాకూ తెలీదు. నేనూ చూళ్ళేదు. ఇద్దరం కలిసే చూద్దాం."

"పోనీ డిస్కు ఒకసారి చూపించు. దూరం నుంచే."

వాడు చెయ్యి చాపాడు. నగ్మా ఆ చేతి వంక చూసింది. వేళ్ళకి పకోడీల నూనె. ముక్కు మీద కోపం నవ్వుతోంది.

"ఆ చేత్తోనా?"

రియాజ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు.

"మీ ఇంట్లో సబ్బుందా?" అన్నాడు.